బొమ్మల పుస్తకం సొంతంగా వేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గంపకోడి:
అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో ప్రైమరీ స్కూల్ టీచర్ని. మా రెండో తరగతి పిల్లలకి నేను చెప్పే కథ ఒకటుంది. రాత్రి గంప కింద మూసి, పైన రాయి పెట్టిన కోడిపెట్ట తెల్లారి గంప ఎత్తేసరికి ఉండదు. చిన్ని అనే పాప గడ్డివాము దగ్గర, పశువుల కొట్టంలో, పక్కింటి పెరట్లో, చెరువు గట్టు మీద వెతుకుతుంది. ఆఖరికి అది అమ్మమ్మ మంచం కింద పాత చీరల మూటలో గుడ్లు పెట్టుకుని పొదుగుతూ కనిపిస్తుంది. వారానికి రెండుసార్లయినా ఈ కథే చెప్పమంటారు.

దీన్ని బొమ్మల పుస్తకంగా వేయాలని కోరిక. రాస్తే 40 పేజీలు వచ్చింది. బొమ్మలు మా మేనల్లుడు గీస్తానంటున్నాడు, ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాడు. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ వాళ్లు ప్యాకేజీ చెప్పారు. డబ్బు కడితే డిజైను, ఐఎస్‌బిఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), ప్రింటింగ్ అన్నీ వాళ్లే చూసుకుంటారట. 1000 కాపీలు వేస్తే చవకట. కట్టేయనా? టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మంచంకింద500:
అమ్మా, ఆగండి. నా పేరు చూశారుగా. ఆరేళ్ల కిందట ఇలాంటి ప్యాకేజీకే డబ్బు కట్టాను. పేరు చెప్పను గానీ మాటలు మాత్రం మీకు చెప్పినవే. పుస్తకాలు వచ్చాయి. అట్ట బాగుంది. లోపల మా పాప బొమ్మలో గడ్డి చిలకపచ్చగా ఉండాల్సింది ఆలివ్ రంగులో వచ్చింది. అడిగితే "ప్రింట్‌లో అంతేనండి" అన్నారు. అంతకంటే పెద్ద దెబ్బ ఐఎస్‌బిఎన్ వాళ్ల పేరు మీద ఉండటం. అంటే రికార్డుల్లో ప్రచురణకర్త నేను కాదు, వాళ్లు. రెండోసారి నేనే వేసుకుందామంటే మళ్లీ కొత్త నంబరు తీసుకోవాల్సి వచ్చింది.

ఐఎస్‌బిఎన్‌కి మన దేశంలో పైసా కట్టక్కర్లేదు. రాజా రామ్‌మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ అని కేంద్ర విద్యాశాఖ కింద ఉంటుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ పేరు మీదే దరఖాస్తు చేసుకోవచ్చు, రచయితగా కూడా ఇస్తారు. కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. ఉచితంగా వచ్చేదాన్ని ప్యాకేజీలో వెల కట్టి చూపించేవాళ్లని నేనైతే నమ్మను.

500 కాపీల్లో ఇంకా 310 మంచం కిందే ఉన్నాయి. మీ కోడిపెట్ట వచ్చి పొదిగితే సంతోషిస్తాను.

పేజీతిప్పు:
:) పైవారి మాటే నాదీ. 1000 సంగతి తర్వాత. గంపకోడి గారూ, 40 పేజీలు అన్నారు. ఒక్క పేజీ ఇక్కడ పెట్టండి, గంప ఎత్తే సీను. నేను పిల్లల పుస్తకాలు ఎడిట్ చేస్తుంటాను, చూసి చెబుతాను.

గంపకోడి:
ఇదిగోండి:

"ఎర్ర గౌను వేసుకున్న చిన్ని పొద్దున్నే నిద్ర లేచి, కళ్లు నులుముకుంటూ పెరట్లోకి పరుగెత్తుకుంటూ వచ్చి, పెద్ద గంపను రెండు చేతులతో పైకి ఎత్తి చూసింది. కానీ అయ్యో! గంప కింద కోడి లేదు. చిన్నికి చాలా బాధ వేసింది. ఇప్పుడు ఏం చేయాలి అని ఆలోచించసాగింది."

పేజీతిప్పు:
కథగా చెప్పడానికి ఇది బాగుంది. మీరు చెప్పేటప్పుడు బొమ్మ ఉండదు కాబట్టి ఎర్ర గౌను మీరే చెప్పాలి. పుస్తకంలో ఆ గౌను మీ మేనల్లుడు గీస్తాడు. కళ్లు నులుముకోవడం, రెండు చేతులు, పెరడు, బాధ, అన్నీ బొమ్మలో కనిపించేవే. కనిపించేదాన్ని మళ్లీ అక్షరాల్లో పెడితే, చదివి వినిపించే అమ్మ నోరు నొప్పి పుడుతుంది, పిల్ల ఈలోపు పేజీ తిప్పేస్తుంది.

నేనైతే ఇలా చేస్తాను. కుడిచేతి పేజీలో:

"తెల్లారింది. చిన్ని గంప ఎత్తింది."

అంతే. బొమ్మలో గంప సగం లేచి ఉంటుంది, కింద ఏముందో కనబడదు. పేజీ తిప్పితే రెండు పేజీల నిండా ఖాళీ నేల, నాలుగు నూకలు, ఒక ఈక. ఒకే మాట:

"కోడేదీ?"

ఏదైనా దాచాలంటే కుడి పేజీలో దాచాలి, బయటపెట్టాలంటే తిప్పాక ఎడమ పేజీలో బయటపెట్టాలి. మీ పేరాలో గంప ఎత్తడం, కోడి లేకపోవడం ఒకే చోట ఉన్నాయి. పిల్ల బొమ్మ చూడగానే సంగతి తెలిసిపోతుంది, మీ "అయ్యో" ఆలస్యంగా వస్తుంది.

"ఆలోచించసాగింది" లాంటివి ఎవరూ నోటితో అనరు. మీ క్లాసులో చెప్పేటప్పుడు మీరూ అనరు, నాకు తెలుసు. పెన్ను పట్టుకోగానే మనకి ఎక్కడినుంచో పాత వాచకాల భాష వచ్చేస్తుంది. మీరు కథ చెబుతుండగా ఫోన్‌లో రికార్డు చేసి, దాన్ని విని రాయండి.

బడిగంట:
పేజీతిప్పు గారితో కొంచెం విభేదిస్తాను. అన్నీ పీకేస్తే ఏం మిగులుతుంది? మా ఆదిలాబాద్ దిక్కు బడుల్లో పిల్లలకి ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. వాళ్లకి మాటలు కావాలి. "నులుముకుంటూ" అనే మాట ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది? బొమ్మ పక్కన మాట ఉంటేనే అర్థం తెలుస్తుంది కదా. రెండు మాటల పుస్తకం కొంటే తల్లిదండ్రులు కూడా "ఇంతేనా?" అంటున్నారు.

పేజీతిప్పు:
న్యాయమైన మాటే. "నులుముకుంటూ" ఉంచేద్దాం, మంచి మాట. నేను తీసేయమన్నది గౌను రంగుని, "చాలా బాధ వేసింది"ని. వాక్యానికి ఒక్క కొత్త మాట చాలు. తల్లిదండ్రులు అక్షరాల్ని తూకం వేసి కొంటారన్నది నిజమే, దానికి నా దగ్గర మందు లేదు.

కుంచె:
బొమ్మలు గీసేవాడిగా రెండు ముక్కలు.

ముందు డమ్మీ చేయండి. ఆరు ఎ4 కాగితాలు తీసుకుని మధ్యకి మడిచి, ఒకదాంట్లో ఒకటి పెట్టి స్టాప్లర్ కొడితే 24 పేజీల చిన్న పుస్తకం తయారు. మొదటి పేజీ పేరుకి, రెండోది ప్రచురణ వివరాలకి, ఆఖరిది మీ ఇష్టానికి పోగా కథకి 21 మిగులుతాయి. పెన్సిల్‌తో పుల్లల మనుషుల్ని వేస్తే చాలు. మీ 40 పేజీల కథలో ఎక్కడ సాగదీశారో డమ్మీ తిప్పుతుంటే చేతికే తెలిసిపోతుంది. మీ అబ్బాయి ఇది అవకుండా ఒక్క రంగు బొమ్మ కూడా మొదలుపెట్టకూడదు. నేను ఒకసారి తొమ్మిది స్ప్రెడ్లు (ఎదురెదురు రెండు పేజీల బొమ్మలు) రంగులతో పూర్తి చేశాక రచయిత గారు మేకని ఆవుగా మార్చారు. ఇప్పటికీ ఆయన ఫోన్ చేస్తే ముందు నీళ్లు తాగి ఎత్తుతాను.

రెండోది, మేనల్లుడైనా సరే కాగితం రాసుకోండి. ముఖ్యంగా మేనల్లుడైతే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 19వ సెక్షన్ చూడండి. హక్కులు బదిలీ చేస్తే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనుకోవాలి, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. అంటే రాయకుండా వదిలేస్తే ఐదేళ్ల తర్వాత మీరు మళ్లీ అచ్చు వేసుకునేటప్పుడు, లేదా అమెరికాలో ఎవరైనా అడిగినప్పుడు ఇంట్లో పంచాయితీ. అన్ని హక్కులూ రాయించుకోమని కాదు నేననేది. ఈ పుస్తకం వరకు, ఇన్నేళ్లకి, ఇన్ని భాషలకి, ఇంత అడ్వాన్సు, మళ్లీ అచ్చయితే ఇంత శాతం అని ఒక పేజీ చాలు. అట్ట మీద అతని పేరు మీ పేరంత సైజులోనే ఉండాలి, ఇది మాత్రం నేను బతిమాలుతున్నాను.

సాఫ్ట్‌వేర్_సుబ్బడు:
ఇంత కష్టం దేనికండీ, ఇప్పుడు ఏఐతో గంటలో బొమ్మలొచ్చేస్తున్నాయి కదా. మా బాబు పుట్టినరోజుకి అలాగే ఒక పుస్తకం చేశా.

కుంచె:
ఇంట్లో పుట్టినరోజుకి హాయిగా చేసుకోండి. అమ్మే పుస్తకానికి మాత్రం, ఒకసారి "గంప కింద కోడి" అని అడిగి చూడండి. నాకు వెదురు బుట్టలో కూర్చున్న ఫారం కోడి వచ్చింది, ఈస్టర్ కార్డు లాగా. గంప బోర్లించి ఉంటుందని దానికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఐదో పేజీలో చిన్నికి రెండు జడలు, ఆరో పేజీలో ఒక జడ. పిల్లలు ఇవి మొదట పట్టుకుంటారు. ఇంకోటి, అమెజాన్ కేడీపీలో (మన పుస్తకం మనమే పెట్టి అమ్ముకునే చోటు) పెడితే ఏఐతో చేసిన బొమ్మలని వాళ్లకి చెప్పి తీరాలి, 2023 నుంచి ఆ రూలు ఉంది.

సాఫ్ట్‌వేర్_సుబ్బడు:
జడల సంగతి నిజమే :( మా బాబుకి ఒక పేజీలో ఆరు వేళ్లు. వాడికి భలే నచ్చింది అనుకోండి.

అచ్చుమేస్త్రి:
విజయవాడలో ప్రెస్సు పని, 22 ఏళ్లుగా. అమ్మా, సైజు ఖాయం చేసుకోకుండా బొమ్మలు మొదలుపెట్టొద్దు. అందరూ ఎనిమిదిన్నర అంగుళాల చదరం అడుగుతారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని. కాగితం లెక్క చెబుతాను వినండి.

మా దగ్గర ఎక్కువగా తిరిగేది 20×30 అంగుళాల షీటు. దాని మీద ఎనిమిదిన్నర చదరం, కటింగ్‌కి వదిలే అంచుతో కలిపి, ఒక వైపు ఆరు పేజీలు పడతాయి. ఆరుతో 32 పోదు, 16 కూడా పోదు. అందుకని నాలుగే వేస్తారు. మిగిలిన కాగితం తుక్కు, దాని డబ్బు మీదే. అదే పుస్తకం 7¼ × 9½ పెట్టుకుంటే ఒక వైపు ఎనిమిది, రెండు వైపులా పదహారు. మిషన్ షీటుని పట్టుకునే అంచుకి అర అంగుళం వదిలాక కూడా సరిగ్గా సరిపోతుంది. 32 పేజీలైతే రెండు షీట్లు. 24 అయితే ఒకటిన్నర. ఆ సగం షీటుని కూడా వృథా చేయం. ఎనిమిది పేజీలూ ఒకే ప్లేటు సెట్టు (నాలుగు సిరా రంగులకి నాలుగు అచ్చు ప్లేట్లు) మీద వేసి, షీటు తిరగేసి మళ్లీ అదే సెట్టుతో కొట్టి, మధ్యకి కోస్తే ఎనిమిది పేజీల ఫారాలు, అంటే మడతపెట్టే ముక్కలు, రెండొస్తాయి.

ప్లేట్ల లెక్క: 32 పేజీలకి లోపలివి 16, అట్టకి 4. 24 పేజీలకి 12, అట్టకి 4. ఆఫ్‌సెట్‌లో ఈ ప్లేట్లు, మిషన్ సెట్టింగు ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే. అందుకే "వెయ్యి వేస్తే చవక" అంటారు. కాపీకి చవక నిజమే, మొత్తం బిల్లు చవక కాదు. ముందు ప్లేట్లు లేని డిజిటల్‌లో 50 వేయించండి. కాపీకి ఎక్కువ పడుతుంది, తప్పులు దొరికితే 50తో పోతాయి. పుస్తకం కదిలితే అప్పుడు ఆఫ్‌సెట్‌లో 500.

లోపల 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క) మ్యాట్ ఆర్ట్ పేపరు, అట్ట 300 జీఎస్ఎం మీద మ్యాట్ ల్యామినేషన్. గ్లాసీ వద్దు, ట్యూబులైటు కింద మెరిసి బొమ్మ కనబడదు. 24 పేజీలకి సెంటర్ పిన్, అంటే మధ్య మడత మీద పిన్నులు, చాలు. గమ్ బైండింగ్ చేస్తామంటే ఒప్పుకోకండి, పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, మధ్యలో ఉన్న బొమ్మ సందులోకి పోతుంది. ఈ కారణానికే రెండు పేజీల బొమ్మలో చిన్ని మొహం సరిగ్గా మడత మీదికి రాకుండా మీ అబ్బాయిని చూసుకోమనండి.

పచ్చ రంగు సంగతి పైన ఎవరో అన్నారు. తెర మీద కనిపించే చిలకపచ్చ నాలుగు రంగుల సిరాలో పుట్టదమ్మా, ఎవరు వేసినా. ఫైలుని ముందే సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు సిరాల పద్ధతిలోకి మార్చుకుని, ఆ రంగులు చూసుకుంటూ పని చేయాలి. మీ ముందు ఒక ప్రూఫు (నమూనా కాపీ) తీసి చూపించకుండా మిషన్ ఎక్కించేవాడి దగ్గర పని ఇవ్వకండి. అక్షరాలు నలుపు ఒక్క ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపులో పెడితే ఒక్క వెంట్రుక వాసి జరిగినా అక్షరం చుట్టూ ఎర్రగా నీడ పడుతుంది.

మంచంకింద500:
మేస్త్రి గారూ, ఆరేళ్ల కిందట మీరెక్కడున్నారండీ.

వత్తులవాడు:
అక్షరాల మాట వచ్చింది కాబట్టి. మీ ఊళ్లో డీటీపీ చేసేవాళ్లు అను ఫాంట్లలో టైపు చేసి ఇవ్వొచ్చు. అచ్చుకి బాగానే ఉంటుంది. కానీ అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. రేపు ఇదే కథ ఈ-బుక్ చేయాలన్నా, ఎవరికైనా వాట్సాప్‌లో పంపాలన్నా మళ్లీ మార్చుకోవాలి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే "అమ్మమ్మ" కాస్తా ఇంగ్లిషు అక్షరాల కిచిడీ అయిపోతుంది. యూనికోడ్‌లోనే చేయించండి.

మండలి, రామభద్ర, బాలూ తమ్ముడు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, పుస్తకం అమ్ముకోవడానికి కూడా లైసెన్సు అభ్యంతరం లేదు. కథ మొత్తానికి డెకరేషన్ ఫాంటు పెట్టొద్దు, అట్టకి పెట్టుకోండి. చదవడం నేర్చుకుంటున్న పిల్లకి మ, య తేడా, ప, వ తేడా దూరం నుంచే తెలియాలి. వరసల మధ్య ఎడం ఇంగ్లిషు పుస్తకం చూసి పెట్టకండి. మనకి పైన గుడి, కింద వత్తు. "అమ్మమ్మ చీరల్లో" అన్న వరస కింద "కోడిపెట్టే!" అని వస్తే పై వరస వత్తులు కింది వరస గుడి మీద కూర్చుంటాయి.

ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేస్తే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కకి వచ్చేస్తాయి. డబ్బు పెట్టలేకపోతే ఇంక్‌స్కేప్, కొత్త స్క్రైబస్ రెండూ ఉచితమే, తెలుగు సరిగ్గా చూపిస్తాయి. ఇంకోటి, బొమ్మ మీద అక్షరాల్ని కలిపేసిన ఒక్క ఫైలు ఉంచుకోవద్దు. బొమ్మ వేరు, మాట వేరు. రేపు ఒక అచ్చుతప్పు దిద్దాలంటే ఆకాశం మళ్లీ గీయాల్సి వస్తుంది.

డాలస్_అమ్మ:
ఇక్కడ మాకు మంచి తెలుగు బొమ్మల పుస్తకాలకి కరువు. మనబడికి (ఇక్కడ తెలుగు నేర్పే బడికి) వెళ్లే పిల్లలున్నారు, చదవడం వస్తుంది, కానీ వాళ్ల స్థాయికి దొరికేవన్నీ నీతికథలే. ఈ కోడి కథ నాకు కావాలి. కేడీపీలో పెట్టేయండి, ఇక్కడ కొనుక్కుంటాం.

పుస్తకాలసంచి:
డాలస్ అమ్మ గారూ, అక్కడే చిక్కు. కేడీపీ ఒప్పుకునే భాషల జాబితాలో హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ ఉన్నాయి. నేను చూసినప్పటికి తెలుగు లేదు. కొందరు ఇంగ్లిషు పుస్తకమని చెప్పి తెలుగుని బొమ్మలా పెడుతున్నారు. తీసేస్తే అడగడానికి ఉండదు. పెట్టేవాళ్లు జాబితా చూసుకుని దిగండి. మన దేశంలో ఉన్నవాళ్లకి కేడీపీ అచ్చుకాపీలు ఎలాగూ ఉపయోగపడవు, అవి ఇక్కడ ప్రింట్ అవవు.

నేను పుస్తకాలు అమ్ముతాను, ఎగ్జిబిషన్లకి తిరుగుతాను. షాపులో పెట్టాలంటే వెల మీద 35 నుంచి 40 శాతం కమీషన్ అనుకోండి, డిస్ట్రిబ్యూటర్ మధ్యలో ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి కాపీకి అయిన ఖర్చుకి కనీసం మూడు రెట్లు వెల పెట్టకపోతే మిగలదు. మూడు రెట్లు పెడితే కొనరు. ఈ రెండింటి మధ్య నలగడమే ఈ వ్యాపారం. పుస్తకాల అమ్మకం మీద జీఎస్టీ లేదు, పిల్లల బొమ్మల పుస్తకాలకీ లేదు. ప్రెస్సు బిల్లు మీద మాత్రం ఉంటుంది, అది ఖర్చులో వేసుకోండి.

నేరుగా పోస్టులో పంపడమే మీకు మేలు. 2025 మేలో పోస్టాఫీసు వాళ్లు జ్ఞాన్ పోస్ట్ అని తెచ్చారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. మేస్త్రి గారు చెప్పిన సైజులో 24 పేజీల పుస్తకం లెక్క కట్టాను, అట్టతో కలిపి సుమారు 96 గ్రాములు వస్తోంది. రెండు పుస్తకాలు కవరుతో సహా ఆ స్లాబులో వెళ్లిపోతాయి. అందుకని రెండేసి అమ్మండి, ఒకటి వాళ్ల పిల్లలకి, ఒకటి పక్కింటి పిల్లలకి.

పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి ఒక్కో కాపీ పంపాలని 1954 చట్టం. చాలామంది పంపరు. పంపండి, ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటుంది.

బడిగంట:
సొంతంగానే వేయాలని పట్టుదల లేకపోతే వేరే దారులు కూడా ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగులో కథ పెట్టొచ్చు, ఎవరైనా ఉచితంగా చదువుకుంటారు. కానీ అక్కడ పెట్టేది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద, ఇతరులు వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. తెలిసి పెట్టండి. లేదా హైదరాబాద్‌లో 'మంచి పుస్తకం', చెన్నైలో 'తూలిక' లాంటి ప్రచురణకర్తలకి పంపి చూడండి. బొమ్మలు లేకుండా కథ మాత్రం పంపినా చూస్తారు.

గంపకోడి:
ఇన్ని సంగతులు చెప్పినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ప్యాకేజీ వాళ్లకి వద్దని చెప్పేశాను. రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు. డమ్మీ మొదలుపెట్టాం. మావాడు కాగితం రాసుకుందామంటే "అత్తా, నన్ను నమ్మవా" అని మొహం మాడ్చుకున్నాడు. కుంచె గారి పోస్టు చూపించాను. పేరు సైజు దగ్గర నవ్వి సంతకం పెట్టాడు.

గంపకోడి (నెల తర్వాత):
డమ్మీ క్లాసులో చదివాను! 24 పేజీలు, పెన్సిల్ బొమ్మలు. మాటలు మొత్తం లెక్కపెడితే 118. "కోడేదీ?" పేజీ తిప్పగానే వెనక బెంచీ వాళ్లు కూడా లేచి ముందుకొచ్చారు. పేజీతిప్పు గారికి దండం.

కానీ ఒక చిక్కొచ్చింది. చదవడం అయ్యాక ఒక పిల్లాడు లేచి అడిగాడు: "టీచర్, గంప మీద రాయి అట్నే ఉంది గదా. కోడెట్టా బయటికొచ్చింది?"

రెండేళ్లుగా ఈ కథ చెబుతున్నాను. ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. బొమ్మలో రాయి చూసేసరికి అడిగారు. ఇప్పుడు ఒక పేజీ పెంచి వివరం రాయాలా? పెంచితే మేస్త్రి గారి లెక్క తప్పుతుంది కదా.

పేజీతిప్పు:
ఒక్క అక్షరం కూడా రాయొద్దు! మీ మేనల్లుడిని అడగండి.

కుంచె:
గంప పాతది కదా. వెనక వైపు అడుగున నాలుగు బద్దలు విరిగి ఉంటాయి. మొదటి పేజీ నుంచీ అలాగే గీయమనండి, ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. ఖాళీ నేల పేజీలో చిన్ని ఎత్తిన గంప మనవైపు తిరిగి ఉంటుంది, విరిగిన చోట ఈక చిక్కుకుని ఉంటుంది. నూకల పక్కన ఈక ఎలాగూ ఉంది, ఇంకోటి వేస్తే సరి.

గంపకోడి:
మావాడు గీసేశాడు. ఇవాళ మళ్లీ చూపించాను. ఆ అడిగిన పిల్లాడు విరిగిన చోట వేలు పెట్టి ఏమీ మాట్లాడలేదు. తర్వాత డమ్మీ లాక్కుని మొదటి పేజీకి తిప్పి, అక్కడ కూడా ఉందా లేదా అని చూశాడు. ఉంది.

అచ్చుమేస్త్రి గారూ, 50 కాపీలకి ఫైలు ఎప్పుడు పంపమంటారు? అన్నట్టు, బద్దల దగ్గర గీత చాలా సన్నగా ఉంది, అచ్చులో కనబడుతుందా?

అచ్చుమేస్త్రి:
సోమవారం పంపండమ్మా. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. గీత పావు పాయింటు కంటే సన్నగా ఉంటే కొంచెం లావు చేయమనండి. ప్రూఫు తీసి ఫొటో పెడతాను, ముందు ఆ బద్దలే చూస్తాను.